ఒకే మంట, రెండు సలహాలు

బాన్సువాడ చుట్టుపక్కల నాట్లు మొదలైతే మా మెడికల్ షాపులో రెండు రకాల గోలీలు చకచకా అయిపోతాయి. ఒకటి నడుము నొప్పిది, రెండోది గ్యాస్‌ది. నిజాంసాగర్ కాలువ కింద వానాకాలమైనా యాసంగి అయినా వరే. గుత్తకు నాట్లు పట్టిన ఆడవాళ్లు పొద్దంతా బురదలో వంగే ఉంటారు. రాత్రి నడుము పట్టేస్తే ఒక డైక్లోఫెనాక్, పొద్దున మళ్లీ పొలానికి పోవాలంటే ఇంకొకటి, అదీ చాలాసార్లు పరగడుపున. ఆ గోలీ నొప్పితో పాటు కడుపు లోపలి పొరకు ఉండే రక్షణను కూడా తగ్గిస్తుంది. కొన్నాళ్లకు మంట మొదలవుతుంది. మంటకు మళ్లీ నా దగ్గరికే వస్తారు. పుండు పుట్టించే గోలీ అమ్మిందీ నేనే, ఆ మంటను కప్పిపెట్టే గోలీ అమ్మిందీ నేనే. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదని తెలిసీ ఏళ్ల తరబడి ఇచ్చాను.

అయితే ఇప్పుడు చెప్పదలచుకున్న తప్పు అది కాదు, దానికంటే పెద్దది.

ఒక యాసంగిలో కడుపు మంటతో ఇద్దరు వచ్చేవారు. ఒకాయన రిటైరైన టీచర్. మూడోసారి గ్యాస్ గోలీలు అడగ్గానే నేను ఆపాను. "సార్, అరవై దాటినయి మీకు. గోలీలతోటి కాలం గడపకుండ్రి, నిజామాబాద్ పోయి ఎండోస్కోపీ చేయించుకోండ్రి" అన్నాను. తెలిసిన డాక్టర్‌కు ఫోన్ కూడా చేశాను. ఆయన కడుపులో పుండు, దాంట్లో హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉన్నట్టు తేలింది. రెండు వారాలు యాంటీబయాటిక్స్ వాడారు, నయమైంది. నన్ను మెచ్చుకున్నారు కూడా.

రెండో మనిషి తండా నుంచి నాట్లకు వచ్చే ఆమె. యాభైకి దగ్గర. అదే మంట. ఆమె ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఇచ్చాను. ఒకనాడు గొంతు తగ్గించి, "సారూ, దొడ్డికి నల్లగ పోతుంది" అంది. "రక్తం గోలీలు మింగుతున్నవా అక్కా?" అన్నాను. అవునంది. "వాటికే, భయపడకు" అని పంపేశాను. ఐరన్ గోలీలకు మలం నల్లబడుతుంది, నిజమే. కానీ పుండు నుంచి రక్తం కారినా నల్లబడుతుంది. అప్పుడు తారులాగా జిగటగా ఉంటుంది, వాసన వేరుగా ఉంటుంది. ఆ రెండు మాటలు అడగడానికి నిమిషం పట్టదు. టీచర్‌ను అయితే అడిగి ఉండేవాణ్ని.

తర్వాత ఆమె పొలం గట్టు మీదే కళ్లు తిరిగి పడిపోయింది. ముందు మా ఊరి సర్కారు దవాఖానకు, అక్కడి నుంచి నిజామాబాద్‌కు తీసుకుపోయారు. రక్తం ఎక్కించారు, ఎండోస్కోపీతో పుండు దగ్గర రక్తం ఆపారు. బతికింది. ఆ సీజను కూలి పోయింది, అప్పు మిగిలింది. చూడటానికి పోయినప్పుడు, సారుకు చెప్పినట్టు నీకు చెప్పలేకపోయిన అక్కా అన్నాను. ఆమె తిట్టలేదు. "నువ్వు జెప్తె నేను పోకపోదునా?" అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. బస్సు ఛార్జీ, పోయే కూలి, వెంట వచ్చే మనిషి కూలి, పరీక్ష ఖర్చు, అన్నీ నేనే లెక్కగట్టి 'ఈమె ఎట్లాగూ పోదు' అని తీర్పు చెప్పేశాను. పేదవాళ్లకు వైద్యం అందకపోవడానికి దూరం, డబ్బు కారణాలని అందరం అంటాం. వాటికంటే ముందు నా కౌంటర్ దగ్గరే ఒక తలుపు మూసుకుంది. కామెర్ల విషయంలోనూ ఇంతే చేశాను. ఉన్నవాళ్లకు రక్త పరీక్ష చెప్పేవాణ్ని, కూలోళ్లు పసరు తాగడానికి పోతుంటే చూస్తూ ఊరుకునేవాణ్ని. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద, కామెర్లు తెప్పించే హెపటైటిస్ బి, సిలకు మందులు ఉచితంగా ఇస్తారని నేనెవరికీ చెప్పలేదు.

చాలా పుండ్ల వెనక ఉన్నది కారం, దిగులు కాదని, ఒక క్రిమి అని ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ చూపించారు. 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇరుకు ఇళ్లు, శుభ్రంలేని నీళ్లు ఉన్నచోట ఈ క్రిమి చిన్నప్పుడే అంటుకుంటుంది. అంటే పేదవాళ్లకే ఎక్కువ. ఎండోస్కోపీ నేర్చుకోవడానికి దేశదేశాల డాక్టర్లు హైదరాబాద్ వస్తారు. ఆ విద్యలో పేరున్న డాక్టర్ నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అంత విద్య ఉన్న రాష్ట్రంలోనే ఒక మనిషి పుండు సంగతి పొలం గట్టు మీద పడిపోయాక తెలిసింది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగింది, మంచిదే. కానీ పోయిన కూలిని అది ఇవ్వదు, సమయానికి పొమ్మని చెప్పే మనిషినీ ఇవ్వదు.

ఇప్పుడు చీటీ లేకుండా డైక్లోఫెనాక్ ఇవ్వను. బేరాలు తగ్గాయి, తగ్గనీ. గ్యాస్ గోలీ అడిగిన ప్రతి మనిషినీ, చెప్పులున్నా లేకున్నా, ఒకే రకంగా అడుగుతాను: మలం నల్లగా ఉందా, బరువు తగ్గావా, మింగడం కష్టమా, వాంతిలో రక్తం పడిందా, నొప్పి గోలీలు చాన్నాళ్లుగా మింగుతున్నావా? ఒక్కదానికి అవునన్నా డాక్టర్‌కు చూపించుకోమని కాగితం మీద తెలుగులో రాసిస్తాను. చాలామంది పోతున్నారు. నేను పోరనుకున్నవాళ్లే.

ఏరియా ఆస్పత్రులన్నింటిలో వారానికి ఒక్క రోజైనా ఎండోస్కోపీ జరగాలి. పైలోరీని మల పరీక్షతోనూ పట్టుకోవచ్చు, అది మండల స్థాయికి రావాలి. అది సర్కారు పని. మెడికల్ షాపులు నడిపే అన్నదమ్ములు, ఊళ్లలో ఆరెంపీలు ఈ వానాకాలం నాట్లలోపే మొదలుపెట్టగలిగింది ఆ ప్రశ్నలు అడగడం. చదివేవాళ్లకు ఒక్క మాట: మీ ఇంట్లో గానీ మీ పొలంలో పనిచేసేవాళ్లలో గానీ ఎవరికైనా మలం తారులా నల్లగా పోతుంటే, ఐరన్ గోలీలు మింగుతున్నా సరే, ఆ రోజే దవాఖానకు తీసుకుపోండి.