నాణెం పెట్టి తియ్యాలి

గోల్ఫ్ గురించి ఈవిడ రాయడమేమిటని నవ్వుకోకండి. మా ఇంటావంటా ఆ ఆట ఆడినవాళ్ళు లేరు. మా తమ్ముడు మాత్రం విశాఖపట్నంలో పదిహేనేళ్ళుగా గోల్ఫ్ మైదానంలో క్యాడీగా పని చేస్తున్నాడు. ఆడేవాళ్ళ కర్రల సంచి మోయడం, బంతి ఎక్కడ పడిందో చూసిపెట్టడం వాడి పని. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు చెప్పిన ఒక ముక్క నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

నేను అరిసెలు నొక్కుతుంటే వాడు పీటేసుకుని కబుర్లు చెబుతున్నాడు. "ఒరేయ్, నీ బంతికి ఇంకొకళ్ళ బంతి అడ్డంగా పడితే ఏం చేస్తారు? పక్కకి తన్నేస్తారా?" అన్నాను.

"అమ్మో! దాన్ని మనం ముట్టుకోకూడదక్కా. 'కాస్త తియ్యండి' అని అడగాలి. బంతి ఎవరిదో వాళ్ళు దాని వెనకాలే ఒక నాణెం పెట్టి, అప్పుడు బంతి తీస్తారు. మన దెబ్బ అయ్యాక మళ్ళీ సరిగ్గా అక్కడే పెట్టుకుంటారు" అన్నాడు.

దెబ్బలు లెక్కపెట్టే పోటీలో అయితే, తియ్యడం ఇష్టం లేనివాళ్ళు తామే ముందు కొట్టేసుకోవచ్చట. నాణెం కూడా దారికి అడ్డం వస్తే, కర్ర తలతో కొలిచి పక్కకి జరిపి, తర్వాత అదే కొలతతో వెనక్కి తేవాలట. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. అక్కడ తీసిన బంతిని తుడుచుకోవచ్చు. బయట అడ్డం వచ్చిందని తీసిన బంతికి మట్టి అంటి ఉన్నా తుడవకూడదు. ఎలా ఉన్నది అలాగే పెట్టాలి.

మన పిల్లల గోళీలాటలో అవతలివాడి గోళీని కొడితే గొప్ప. ఇక్కడ అంతా తిరకాసు. గ్రీన్ మీద నుంచి కొట్టిన బంతి గ్రీన్ మీదే ఉన్న ఇంకొకరి బంతికి తగిలితే, దెబ్బల లెక్క పోటీలో కొట్టినవాళ్ళకే రెండు దెబ్బలు అదనంగా పడతాయి. తగిలిన బంతిని మళ్ళీ మొదటి చోటే పెడతారు.

పూర్వం ఇంత మర్యాద లేదట. ఇద్దరు ఎదురెదురుగా ఆడే పోటీలో, గ్రీన్ మీద రెండు బంతుల మధ్య ఆరంగుళాల కంటే ఎక్కువ దూరం ఉంటే, అడ్డమున్న బంతిని తియ్యనక్కర్లేదు. వెనకవాళ్ళు పక్కనుంచో పైనుంచో తంటాలు పడాల్సిందే. దాన్ని స్టైమీ అనేవారు. 1930లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో బాబీ జోన్స్ అనే మహా ఆటగాడు సిరిల్ టోలీని అలాగే గెలిచాడు. 1952 నుంచి ఆ పద్ధతి ఎత్తేశారు.

అంతవరకూ గుమ్మం దగ్గర కూర్చుని వింటున్న మా అత్తయ్య మెల్లిగా అడిగారు. "నాణెం పెట్టకుండా తీసేస్తేనో, నాయనా?"

"ఒక దెబ్బ శిక్ష, అత్తయ్యగారూ" అన్నాడు వాడు.

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. నా చేతిలో అరిసె మాత్రం అలాగే ఉండిపోయింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ముందు గదిలో, వీధి కిటికీ పక్కన అత్తయ్య నవ్వారు మంచం ఉండేది. అక్కడే కూర్చుని బియ్యం ఏరేవారు, చిక్కుళ్ళు వలిచేవారు, కూరల బండివాడితో బేరమాడేవారు. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి పెళ్ళిచూపులకి సోఫా కొన్నాం. "రెండు రోజులే అత్తయ్యా" అని మంచం వెనక గదిలో వేయించాను. పెళ్ళి అయింది. అమ్మాయి అత్తారింటికి వెళ్ళింది. సోఫా కదల్లేదు, మంచం రాలేదు. ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. అడగలేదు కాబట్టి బాధ లేదనుకున్నాను. వెనక గది కిటికీ తీస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదని నాకు తెలియదా?

పండగ వెళ్ళిన మర్నాడు మా వారితో చెప్పాను. "సోఫా ఎక్కడ పెడతావ్, నెత్తి మీదా?" అన్నారు. అయినా తమ్ముడూ ఆయనా కలిసి జరిపారు. సోఫా కింద పాత గచ్చు మీద మంచం కోళ్ళ గుర్తులు నాలుగూ అలాగే ఉన్నాయి. వెతుక్కోనక్కర్లేకుండా మంచం అక్కడే వేశాం.

అత్తయ్య కూర్చుని కిటికీ తలుపు తీశారు. కాసేపు వీధిలోకి చూసి, "ఆ ఎదురింటివాళ్ళు వేపచెట్టు ఎప్పుడు కొట్టించారే?" అన్నారు. ఆ చెట్టు కొట్టించి ఏడాది దాటింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

గ్రీన్ మీద బంతిని పొరపాటున కదిపితే 2019 నుంచి శిక్ష లేదట. తిరిగి దాని చోట పెట్టేస్తే చాలట. ఇంట్లో నలుగురూ ఉన్నప్పుడు ఒకరికొకరు అడ్డం రాకుండా ఎలా ఉంటాం? జరగమనడం తప్పు కాదు. ఎవరినైనా, ఏదైనా జరిపేటప్పుడు మళ్ళీ ఎప్పుడు తెస్తామో ఆ తేదీ క్యాలెండరు మీద రాసిపెట్టండి. మన ఇళ్ళలో నాణెం అదే.