రెండో తాళంచెవి

పాశమైలారం పారిశ్రామికవాడలో ఎనిమిది గంటల డ్యూటీ అంటే ఇంట్లో ఉన్న కుక్కకు పది గంటలు. 'ఏ' షిఫ్టు మొదలయ్యేది పొద్దున ఆరింటికి. కంపెనీ బస్సు అంతకు చాలా ముందే ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి హారన్ కొడుతుంది. రెండింటికి షిఫ్టు దిగి, మళ్లీ అదే బస్సెక్కి, ముంబై హైవే మీద లారీల మధ్య ఇరుక్కుని ఇల్లు చేరేసరికి మూడు దాటుతుంది. రిలీవర్ రాలేదంటే డబుల్ డ్యూటీ. అప్పుడా పదికి ఇంకో ఎనిమిది కలుస్తాయి. ఆలుమగలిద్దరూ పనికి పోయే ఇంట్లో అంతసేపూ తాళం వేసిన తలుపు వెనక ఒక ప్రాణి మూత్రం ఆపుకుని, చెవులు నిక్కించుకుని కూర్చుంటుంది.

స్వీడన్‌లో పగటిపూట కనీసం ఆరు గంటలకోసారి కుక్కను బయటికి తిప్పాలని నిబంధన ఉంది. మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం గంటల లెక్క చెప్పదు. కానీ మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో ఎక్కువసేపు కట్టేయడాన్ని హింస కిందే లెక్కగట్టింది. ఎప్పుడూ కట్టేసో మూసేసో ఉంచే కుక్కను తిప్పకపోవడమూ హింసే అంది. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. జరిమానాకు భయపడి ఎవరూ కుక్కను బాగా చూసుకోరు. చూసుకునేవాళ్లకు కావలసింది భయం కాదు, ఇంట్లో ఏది ముప్పో తెలియడం.

ఆ ముప్పు ఈ పారిశ్రామిక ప్రాంతంలో ఇంటి తీరును బట్టి మారిపోతుంది. రామచంద్రాపురం భెల్ టౌన్‌షిప్‌లోనూ, ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఎస్టేట్‌లోనూ చెట్లున్నాయి, ఖాళీ జాగా ఉంది. అక్కడ వానాకాలంలో భయం పాములది. నాగుపామో రక్తపింజరో కనబడితే కుక్క వెనక్కి తగ్గదు, మీదికి పోతుంది. బీరంగూడ, అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లలో భయం బాల్కనీలది. ఇస్నాపూర్, బొల్లారం వైపు కార్మికులు అద్దెకుండే సిమెంటు రేకుల గదుల్లో ఎండది. ఈ మూడింట్లో ఎండే నిశ్శబ్దంగా ప్రాణం తీస్తుంది.

మే నెలలో ఇక్కడ 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల కింద గది బయటికన్నా వేడెక్కుతుంది. "ఫ్యాన్ వేసే వచ్చినం కదా" అంటారు. ఫ్యాన్ గాలి మనిషికి చల్లగా తగిలేది ఒంటి మీది చెమట ఆరడం వల్ల. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట దాదాపు పట్టదు. నోరు తెరిచి రొప్పుతూనే అది ఒంటి వేడిని బయటికి పంపుకోవాలి. పీల్చే గాలే ఉడికిపోతుంటే ఎంత రొప్పినా ఫలితముండదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. అది 106 దాటిందంటే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. పైగా మధ్యాహ్నం కరెంటు పోతే ఆ ఫ్యాన్ కూడా తిరగదు.

2003లో హచ్ మొబైల్ నెట్‌వర్క్ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్‌ను చూసి ముచ్చటపడి దేశంలో ఎన్నో ఇళ్లు పగ్‌లను తెచ్చుకున్నాయి. ఆ చప్పిడి ముక్కులో గాలి పోయే దారి ఇరుకు. పగ్‌ను గానీ, అలాంటి మూతి ఉన్న షిట్జూను గానీ ఎండాకాలం మధ్యాహ్నం రేకుల గదిలో పెట్టి తాళం వేయనే కూడదు. చల్లని చోటు దొరక్కపోతే ఆ జాతిని తెచ్చుకోకపోవడమే దయ.

చాలా ఇళ్లలో అన్నిటికన్నా చల్లగా ఉండేది స్నానాల గది గచ్చు. దాని తలుపు గాలికి మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టి, యాసిడ్, ఫినాయిల్ సీసాలు అటక ఎక్కించి, తడిపి పిండిన గోనెపట్టా ఒకటి పరిస్తే కుక్క తనంతట తానే అక్కడికి చేరుతుంది. నీళ్లు రెండు చోట్ల పెట్టాలి, తన్నినా ఒలకని బరువైన మట్టి తొట్టిలో. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైనవని గుర్తించిన 43 పారిశ్రామిక ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి. అందుకే ఇక్కడి ఇళ్లలో బోరు నీళ్లు వాడకానికి, మంజీర నల్లా నీళ్లో క్యాన్ నీళ్లో తాగడానికి. తొట్టిలో కూడా ఆ తాగే నీళ్లే పోయాలి. మనిషికి పనికిరాదని పక్కన పెట్టిన నీళ్లు కుక్కకు మాత్రం ఎలా పనికొస్తాయి?

మందుల కంపెనీల సీమలో ఇంకో జాగ్రత్త కావాలి. యజమాని లేనప్పుడు కుక్క అతని వాసన వెతుక్కుంటుంది. విడిచిన బట్టల మీద పడుకుంటుంది, వాటిని నాకుతుంది, కొరుకుతుంది. ముడిమందులు తయారయ్యే బ్లాకులో పనిచేసి వచ్చినవాళ్ల యూనిఫాంకు ఏ పొడి అంటిందో ఎవరికి తెలుసు? ఆ బట్టలు మూత ఉన్న బకెట్‌లోకి పోవాలి. కుక్క దగ్గర ఉంచడానికి ఇంట్లో వేసుకునే పాత చొక్కా చాలు. మాత్రల సంగతీ అంతే. మనకు ఒళ్లునొప్పులు తగ్గించే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలు చెడగొడతాయి. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం పోతుంది. ఇక ఎలుకల మందు గురించి చెప్పేదేముంది, కుక్కను ఒంటరిగా వదిలే ఇంట్లో అది ఉండకూడదు.

వంటింట్లో ముప్పు మాత్రం చాలామందికి తట్టనిది. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కొన్ని కుక్కలకు కిడ్నీలు పాడవుతాయని పశువైద్యులకు ఎప్పటినుంచో తెలుసు, కారణమే తెలియదు. 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ విష నియంత్రణ కేంద్రం వైద్యులు అది టార్టారిక్ ఆమ్లం పనేమోనన్నారు. ఆ ఆమ్లం దండిగా ఉండేది మన చింతపండులో. కనుక చింతపండు డబ్బా కుక్కకు అందే అరలో ఉండకూడదు. పొద్దున మిగిలిన పులిహోరో పులుసన్నమో గిన్నెలో వేసి డ్యూటీకి పోయే అలవాటూ మానుకోవాలి. ఉల్లిపాయ కూర కూడా పెట్టరాదు, అది కుక్క నెత్తుటిలో ఎర్రకణాలను దెబ్బతీస్తుంది.

గొలుసు మాట వేరే చెప్పాలి. గదిలో ఉంచితే పాడు చేస్తుందని మేడ మీద పిట్టగోడ పక్కన కట్టేసి వెళ్తారు. కోతుల గుంపు కనబడినా, కింద యజమాని బండి చప్పుడు వినిపించినా కుక్క గోడ మీదికి దూకుతుంది. గోడ దాటిందంటే గొలుసే ఉరి. ఒంటరిగా ఉన్న కుక్కను ఎత్తైన చోట కట్టేయకూడదు. గదిలో వదిలినప్పుడు కూడా కిటికీ ఊచలకు తగులుకునే వదులు పట్టీ మెడకు ఉండరాదు.

అది గదిలో పాడుచేసేదంతా పొగరుతో కాదు, బెంగతో. తలుపు గీరడం, చొంగ కార్చడం, ఆగకుండా ఏడవడం యజమాని వెళ్లిన మొదటి అరగంటలోనే మొదలవుతాయి. పాత ఫోన్‌ ఒకటి రికార్డింగ్‌లో పెట్టి వెళ్తే నిజం తెలుస్తుంది. ఈ బెంగకు 1998లోనే అమెరికా ఆహార, ఔషధ సంస్థ క్లోమిప్రమైన్ అనే మందును అనుమతించింది. డాక్టరు చూసి రాయాల్సిన మందు అది. అంతదాకా పోకముందే చేయగలిగింది ఉంది. సేఫ్టీ బూట్లు, ఐడీ కార్డు, టిఫిన్ డబ్బా మూత చప్పుడు, వీటితోనే కుక్క గుండె దడ మొదలవుతుంది. సెలవు రోజున బూట్లు వేసుకుని ఎక్కడికీ పోకుండా కూర్చోవడం, తాళం వేసి రెండు నిమిషాల్లో తిరిగి రావడం, తర్వాత ఐదు, తర్వాత ఇరవై. ఇలా వారాల తరబడి చేస్తే "పోయినవాళ్లు వస్తారు" అని దానికి నమ్మకం కుదురుతుంది. షిఫ్టు మారే ఇళ్లలో ఇది కష్టం, వేళలన్నీ తారుమారవుతాయి. కనీసం ఒక పూట నడకైనా ఏ షిఫ్టులోనూ మారకుండా చూసుకుంటే రోజుకు ఒక ఆనవాలు మిగులుతుంది.

తలుపు తెరుచుకునే క్షణం కుక్కకూ, అవతలి మనిషికీ ప్రమాదమే. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన ఒక డెలివరీ యువకుడు మీదికొచ్చిన కుక్కను తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు, ఆస్పత్రిలో చనిపోయాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో ఇంకొకరు అలాగే దూకి గాయాలతో బతికారు. రోజంతా మూసి ఉంచిన కుక్క తలుపు సందు దొరికితే బాణంలా వస్తుంది. లోపల ఒక జాలీ తలుపు, బయట "కుక్క ఉంది, ఫోన్ చేయండి" అని పెద్ద అక్షరాల బోర్డు తప్పనిసరి. అలా దూసుకుపోయిన కుక్క వీధిలో ఎవరిదీ కాకుండా పోతుంది. ఆ వీధి ఎంత కఠినమైందో ఈ ప్రాంతం చూసింది. 2025 జనవరిలో ఎద్దుమైలారం దగ్గర వంతెన మీంచి కాళ్లూ మూతులూ కట్టి పడేసిన 32 కుక్కలు దొరికాయి. అప్పటికే 21 చనిపోయాయి, 11 ప్రాణాలతో బయటపడ్డాయి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు ఉన్న కుక్కకు కనీసం ఇంటికి కబురందే దారి ఉంటుంది.

2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. పటాన్‌చెరు ఏరియా ఆస్పత్రి దగ్గర కుటుంబాలు డీఎన్ఏ ఫలితాల కోసం రోజుల తరబడి పడిగాపులు కాశాయి. అంత దుఃఖం పక్కన కుక్క ప్రస్తావన చిన్నదే. కానీ సైరన్ మోగితే ఇంటికి ఎప్పుడు చేరతామో తెలియని పని ఇక్కడిది. ఆ మాట తెలిసినవాళ్లు రెండో తాళంచెవిని బీరువాలో దాచకూడదు. వీధిలో ఇంకొకరి చేతిలో పెట్టాలి.

ఇది ఈ ప్రాంతంలో సులువు కూడా. 'ఏ' షిఫ్టు అన్న రెండింటికి దిగుతాడు, 'బీ' షిఫ్టు తమ్ముడు అప్పుడే ఎక్కుతాడు. ఒకరి కుక్కను ఒకరు మధ్యలో ఒక్కసారి బయటికి తిప్పితే పది గంటలు ఐదైదుగా విరిగిపోతాయి. కొత్త మనిషి ఒక్కసారిగా తలుపు తీస్తే కుక్క ఊరుకోదు కాబట్టి ఆ పొరుగాయన ముందే నాలుగైదు సెలవు రోజులు వచ్చి తన చేత్తో తిండి పెట్టి ఉండాలి. తలుపు వెనక ఒక కాగితం అంటించాలి. కుక్క పేరు, తినే కొలత, రేబిస్ టీకా వేసిన తేదీ, దగ్గరి పశువైద్యుని నంబరు, యజమాని సూపర్‌వైజర్ నంబరు అందులో ఉండాలి. కేసు పెద్దదైతే ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకుపోవాల్సి రావచ్చు. కుక్కను ఎక్కించుకోవడానికి ఒప్పుకునే క్యాబ్ డ్రైవర్‌ను ముందే అడిగి, అతని నంబరూ ఆ కాగితం మీదే రాసుకోవాలి.