నూనె తక్కువ, తుడుపు ఎక్కువ

మీ స్నూకర్ క్యూ ఒకసారి సంచిలోంచి బయటికి తీయండి. టిప్‌కి దిగువన ఓ జానెడు మేర కిటికీ వెలుగులో పెట్టి చూడండి. కర్ర మీద బాణం మొనల ఆకారంలో సన్నటి నల్లగీతలు కనిపిస్తున్నాయా? వాటి లోపల నీలంగానో పచ్చగానో ఏదో ఇరుక్కుని ఉందా? వాడే క్యూ అయితే ఉండి తీరుతుంది. ఇవాళ్టి కబుర్లు దాని గురించే.

ఆ గీతలు ఎవరో గీసినవి కావు. స్నూకర్ క్యూలకు ఎక్కువగా వాడేది యాష్ కర్ర. వసంతంలో ఆ చెట్టు గబగబా పెరుగుతుంది, అప్పుడు ఏర్పడిన పొరలో పెద్దపెద్ద రంధ్రాలుంటాయి. వేసవి పొర మాత్రం గట్టిగా, దట్టంగా ఉంటుంది. చెక్కేవాడు కర్రను కొసకు పోనుపోను సన్నం చేస్తాడు కదా, అప్పుడు ఆ పొరలు ఏటవాలుగా తెగి మొనలుగా బయటపడతాయి. మేపుల్ కర్రకి ఈ గొడవ తక్కువ, దాని రంధ్రాలు కంటికి ఆనవు. అయినా నా ఓటు యాష్‌కే. గురి చూసేటప్పుడు ఆ మొనలు కంటి కింద వరసగా కనిపిస్తుంటే మనసుకి ఓ స్థిమితం. ఇక పిడి వైపు నల్లటి ఎబొనీ ఉంటుంది చూశారా, అది మన ఆదిలాబాద్, ఖమ్మం అడవుల్లో బీడీల కోసం కోసే తునికాకు చెట్టుకి దగ్గరి చుట్టం. రెండిటిదీ ఒకే ప్రజాతి.

సరే, మురికి సంగతి. చేతి చెమట, చర్మం మీది జిడ్డు, టిప్‌కి రుద్దే చాక్ పొడి, ఈ మూడూ కలిసి ఆ రంధ్రాల్లో గడ్డకడతాయి. చాక్ అంటే బడిలో నల్లబల్ల మీద రాసే సుద్ద అనుకోకండి. 1897లో విలియం స్పింక్స్ అనే బిలియర్డ్స్ ఆటగాడు, విలియం హాస్కిన్స్ అనే రసాయన శాస్త్రవేత్త కలిసి అమెరికాలో పేటెంట్ తీసుకున్న సరుకు అది. అందులో సిలికా, కోరండం లాంటి గరుకు పదార్థాలుంటాయి. అందుకే తడిగుడ్డ పట్టుకుని నేరుగా రుద్దడం మొదలెట్టకూడదు. ముందు మెత్తటి పొడిగుడ్డతో ఆ పొడిని దులపండి. తర్వాత గుడ్డ తడిపి, ఇక చుక్క రాలదన్నంత గట్టిగా పిండి, పిడి నుంచి కొస దాకా ఒకే దిశలో తుడవండి. వెంటనే పొడి తువ్వాలుతో, అరచేతికి వేడి తగిలేదాకా రుద్దండి. కర్ర మీద తడి ఒక్క నిమిషం కూడా నిలవకూడదు. గుడ్డ మీదికి దిగిన ఆ బూడిదరంగు నీలం చూస్తే మీకే తెలుస్తుంది, ఇన్నాళ్లూ మీ వేళ్ల మధ్య ఏం జారుతూ వచ్చిందో.

గరుకు కాగితం జోలికి మాత్రం పోవద్దండీ. రుద్దిన రోజు కర్ర పట్టులా ఉంటుంది, నిజమే. కానీ కొస దగ్గర ఆ కర్ర మందం ఇంచుమించు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లే. అక్కడ రుద్దిన ప్రతిసారీ కాస్త కర్ర పోతుంది, టిప్ కింది ఇత్తడి కట్టు, అదే ఫెరూల్, మాత్రం అలాగే ఉంటుంది. కొన్నాళ్లకి ఆ రెండూ కలిసేచోట వేలు పోనిస్తే చిన్న మెట్టు తగులుతుంది. పోయిన కర్రని ఏ పనివాడూ తిరిగి తెచ్చిపెట్టలేడు. పట్టించుకోక పాడైన క్యూల కన్నా అతిగా పట్టించుకోవడం వల్ల పాడైన క్యూలే ఎక్కువని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు నూనె. క్రికెట్ బ్యాట్‌కి పట్టించే అవిసె నూనే దీనికీ. పెయింట్ల కొట్లో లిన్సీడ్ ఆయిల్ అంటే ఇస్తారు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాయకండి. అది తలకి రాసినట్టే, ఎన్నాళ్లైనా జిడ్డుగానే ఉంటుంది, పైపెచ్చు దుమ్ముని పిలుస్తుంది. అవిసె నూనె అలా కాదు. గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని తనే గట్టిపడి, పల్చటి పొరగా మారుతుంది. పచ్చి నూనె ఆరడానికి రోజులు పడుతుంది. బాయిల్డ్ రకంలో త్వరగా ఆరబెట్టే లోహ లవణాలు కలుపుతారు, కాబట్టి ఒక రోజులో పని అవుతుంది.

నూనె కర్ర మీద పోయొద్దు. అయిదారు చుక్కలు గుడ్డ మీద వేసుకుని, పొడవునా పల్చగా పట్టించండి. కొస దగ్గర అంగుళం వదిలేయండి, ఎందుకంటే టిప్ తోలు నూనె పీల్చిందంటే దానికి చాక్ పట్టదు, దెబ్బ జారిపోతుంది. పావుగంట ఆగి మొత్తం తుడిచేయండి. అంతా పోయిందనిపించాక ఇంకో గుడ్డ తీసుకుని మళ్లీ తుడవండి. పని చేసేది లోపలికి ఇంకిన నూనె, పైన మిగిలింది బంక. మీ క్యూకి వార్నిష్ పూత ఉంటే నూనె లోపలికి దిగనే దిగదు, దానికి తుడుపు చాలు.

ఒక్కటి మాత్రం జాగ్రత్తగా వినండి. నూనె గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆ నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ముడుచుకున్న గుడ్డలోంచి ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల అక్కర్లేకుండానే గుడ్డ అంటుకోగలదు. బయట దండెం మీద విడదీసి ఆరేయండి, లేదా నీళ్లలో నానబెట్టి పారేయండి.

ఇంత శ్రమ ఒక కర్ర కోసమా అంటారేమో. స్నూకర్ ఆటగాడు స్టీఫెన్ హెండ్రీ 1990 నుంచి 1999 దాకా ఏడు ప్రపంచ టైటిళ్లు గెలిచాడు, ఏడూ ఒకే క్యూతో. అది చిన్నప్పుడు కొనిపెట్టిన మామూలు రకమే. 2003లో విమాన ప్రయాణంలో అది విరిగిపోయింది. ఆ తర్వాత అతనికి ప్రపంచ టైటిల్ రాలేదు. నెపమంతా విరిగిన కర్ర మీద వేయను గానీ, అరచేతికి అన్నేళ్లు అలవాటైన బరువు ఒక్కసారి మారిపోతే ఆ మనిషి ఎంత అల్లాడి ఉంటాడో ఊహించగలను.

ఈ ఆట పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో, నెవిల్ చాంబర్లిన్ అనే బ్రిటిష్ సైనికాధికారి చేతిలో. అయినా మన వానలూ ఎండలూ కర్రను నిలవనీయవు. విశాఖ గాలికి ఉబ్బుతుంది, హైదరాబాద్ మే నెలకి బిగుసుకుంటుంది. నూనె ఆ తేమ రాకపోకల్ని కాస్త నెమ్మది చేస్తుందే తప్ప ఆపలేదు. కాబట్టి గోడకి వాల్చి వదలకండి, ఎండలో నిలిపిన కారు డిక్కీలో అసలే వద్దు. వంపు తిరిగిన క్యూ ఎంత నూనె తాగినా నిటారు కాదు.

ఎన్నాళ్లకోసారి అంటారా? ఆట అయిన ప్రతిసారీ పొడిగుడ్డ, జిడ్డు చేతికి తెలిసినప్పుడు తడిగుడ్డ, నూనె మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు. నూనె పెట్టిన మర్నాడు బొటనవేలు కర్ర మీద మెల్లగా నడిపి చూడండి. ఎక్కడైనా అంటుకుంటుంటే ఆ రోజు ఆట మానేసి, ఇంకోసారి తుడవండి.