మామకు వదలడం నేర్పిన ఊపిరి

చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం అమ్మ గుండె కవాటాన్ని పాడుచేసింది. 1991 నుంచి ఉచితంగా వైద్యం చేస్తున్న పుట్టపర్తి పెద్దాసుపత్రిలో కవాటం మార్చారు. వార్డులోకి తెచ్చాక ఫిజియోథెరపీ అమ్మాయి మూడు బంతుల గొట్టం చేతికిచ్చింది. నోటితో పీలిస్తే మొదటి బంతి సెకనుకు 600 మిల్లీలీటర్ల గాలికి లేస్తుంది, రెండోది 900కి, మూడోది 1200కి. రొమ్ము ఎముక కోసి కట్టిన నొప్పికి అమ్మ పైపైనే ఊపిరి తీసేది. అలాగే వదిలేస్తే ఊపిరితిత్తుల అడుగు ముడుచుకుపోయి, కఫం నిలిచి, న్యుమోనియాకు దారితీస్తుందట. దిండు రొమ్ముకు అదుముకుని దగ్గడం కూడా ఆ అమ్మాయే నేర్పింది.

అమరాపురం తిరిగొచ్చాక ఆ బంతులు మామ కంట పడ్డాయి. వక్కతోటల్లో బతికిన మనిషి ఆయన. బీడీలూ, వక్కలు ఉడకబెట్టే పొయ్యి పొగా కలిసి సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చిపెట్టాయి. గట్టెక్కితే ఆయాసం.

"నాకూ ఇయ్యి పాపా, నేనూ లేపుతా" అన్నాడు.

"నీ జబ్బు వేరేన్నా. డాక్టర్ని అడుగుదాం పా" అంది అమ్మ.

హిందూపురంలో ఛాతీ డాక్టరు చెప్పింది విని నేను ఆశ్చర్యపోయాను. మామకు కష్టం గాలి లోపలికి పోక కాదు, పోయింది బయటికి రాక. లోపల చిక్కుకున్న గాలి రొమ్మును ఉబ్బించి, గొడుగులా వంగి ఉండాల్సిన డయాఫ్రాన్ని చదునుచేసేస్తుంది. చదునైన కండరానికి లాగే బలం తగ్గుతుంది. అందుకే మామకు ముందు వదలడం నేర్పారు: ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలాలి. ఆ తర్వాతే పీల్చేటప్పుడు స్ప్రింగు అడ్డుపడే చిన్న పరికరం. పీల్చే బలాన్ని కొలిచి, అందులో 30 శాతం అడ్డుతో మొదలుపెట్టారు. గుండె బలహీనపడినవాళ్లకూ ఇదే వాడతారట. ఊపిరి కండరాలు అలిసిపోతే కాళ్లకు వెళ్లే రక్తం తగ్గుతుంది. అందుకే ఆయాసం వచ్చినప్పుడు కాళ్లూ పీకుతాయి.

మా వైపు ఆయాసమంటే "వయసైపాయె, కూసో" అంటారు. ఆ మాట నాకు కోపం తెప్పిస్తుంది. కూర్చుంటే కండరం ఇంకా చిక్కిపోతుంది.

దెబ్బతిన్న ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవని డాక్టరు ముందే చెప్పారు. మామ బీడీ మానేశాడు, ఇన్‌హేలర్ మానలేదు. శివరాత్రికి హేమావతి సిద్ధేశ్వరుడి గుడికి మాతో వచ్చాడు. దారిలో ఆగి పెదవులు చుట్టి ఊపిరి వదులుతుంటే అమ్మ చెయ్యి పట్టుకోబోయింది.

"పట్టుకోవద్దులే పాపా. మీరు పోతా ఉండండి, నేనొస్తా."