ఇరవై సెకన్లు

నాయనమ్మ పోయిన రోజు మా చిన్నాయన దుబాయ్‌లో ఉన్నాడు. తెల్లవారుజామున పోయింది. సాయంత్రంలోపు కానిచ్చేయాలన్నారు పెద్దలు. ఆయన ఎంత ఉరికినా కొత్తకోట చేరేసరికి బూడిదే మిగులుతుంది. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది గానీ కాల్ కలవదు. "కడసారి ముఖమన్న చూపియ్ బిడ్డా" అన్నాడు మామూలు ఫోన్‌లో.

యూట్యూబ్ లైవ్ పెడదామనుకున్నాను. ఇంట్లో ఇంజనీర్‌ని నేనే కదా. తీరా చూస్తే ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే ఛానల్‌కి కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలట. నాకున్నది పదకొండు మంది. కంప్యూటర్ నుంచైతే ఆ లెక్క లేదు గానీ, మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. మా దగ్గర అంత టైం లేదు.

చివరికి పెండ్లిళ్లు లైవ్ ఇచ్చే స్టూడియో పిలగాడిని పిలిచాం. ల్యాప్‌టాప్‌ను ఆటో సీటు మీద పెట్టి, కెమెరా వైరు గుచ్చి, ఓబీఎస్ తెరిచాడు. అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే. అందులో తన ఛానల్ స్ట్రీమ్ కీ వేశాడు. "ఇది ఇంటి తాళంచెవి లెక్క అన్నా, ఎవ్వరికీ చూపియ్యొద్దు" అన్నాడు. లింకు ఉన్నవాళ్లకే కనబడేలా అన్‌లిస్టెడ్ పెట్టాడు. నా ఫోన్ హాట్‌స్పాట్ తీసుకుని, డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ స్పీడ్ ఎంతుందో చూశాడు. నేను ఎప్పుడూ చూడని అంకె అది.

చిన్నాయన ఇంకో ఫోన్‌లో లైన్ మీదే ఉన్నాడు. నాయిన వెనక్కి తిరిగి కొరివి పెట్టాడు. నేను ఏడుపు ఆపుకుంటూ "అయిపోయింది చిన్నాయనా" అన్నాను.

"ఏమైపోయింది? నాకింకా ముఖం కనబడ్తుంది గద!"

ఏమనాలో తెలియలేదు. కొంతసేపటికి అటువైపు నుంచి ఏడుపు వినబడింది. అప్పటికి ఇక్కడ మంట మనిషెత్తు లేచింది.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. కెమెరా చూసింది చూసినట్టే ఎగిరిపోదు. ల్యాప్‌టాప్ దాన్ని కుదించి సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ దాన్ని మంచి నెట్ ఉన్నవాళ్లకి పెద్దగా, లేనివాళ్లకి చిన్నగా రకరకాల సైజుల్లో తయారుచేసి, కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తుంది. చూసేవాళ్ల ఫోన్ కొన్ని ముక్కలు పోగుచేసుకున్నాకే ఆడటం మొదలుపెడుతుంది, మధ్యలో ఆగకుండా. ఆ రోజు మాకూ ఆయనకూ మధ్య ఇరవై సెకన్లు ఉండి ఉంటాయి. మాట మాత్రం ఫోన్‌లో వెంటనే పోయింది. నాయిన కొరివి కంటే ముందు నా మాటే ఆయనకు తగిలింది.

ఇప్పుడు మా వాడలో ఎవరింట్లో ఏ కార్యమైనా లైవ్‌కి నన్నే పిలుస్తారు. ముందురోజే ఒకసారి ప్రైవేటుగా పరీక్షించి చూసుకోమంటాను. పవర్ బ్యాంక్ పెట్టుకోమంటాను. ఫోన్‌తో తీస్తుంటే కాల్స్ రాకుండా చేసుకోమంటాను. సెట్టింగుల్లో లేటెన్సీ తగ్గిస్తే ఆలస్యం పది సెకన్ల లోపుకి వస్తుందనీ, నెట్ సరిగా లేకపోతే బొమ్మ ఆగుతుందనీ చెబుతాను.

చావింట్లో అయితే ఇంకొకటి కూడా చెబుతాను. దూరంగా ఉన్నవాళ్లు ఫోన్ లైన్‌లో ఉంటే, వాళ్లు మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి.