కనబడని పెండ్లి వరుస

మందిరములోని కంప్యూటరు ఒక రాత్రి కొత్త అప్‌డేట్ వేసుకున్నది. తెల్లవారి తెరచేసరికి డెస్క్‌టాప్ ఖాళీ! బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనల వివరములన్నీ అందులోనే ఉన్నవి. పాత రిజిస్టరును సగము చెదలు తినివేసింది. ఆ పూటే ఒక వృద్ధ విధవరాలు పెండ్లి సర్టిఫికెట్టు కొరకు వచ్చి మెట్లమీద కూర్చున్నది. భర్త పింఛను తన పేరిట మారుటకు అది కావాలి.

యవనస్థుల కూటములోని తమ్ముడొకడు వచ్చి, "అయ్యగారూ, కొత్తగా ఏదీ సేవ్ చేయకండి" అన్నాడు. 2018 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ ఒకటి కొందరి ఫైళ్లను నిజముగానే చెరిపివేయగా, మైక్రోసాఫ్ట్ వారు దానిని నిలిపివేశారని కూడ చెప్పాడు. ఆ మాట అప్పుడు చెప్పకపోతేనేమి!

మాకు జరిగినది వేరు. కంప్యూటరు మా పేరుతో గాక తాత్కాలిక ప్రొఫైలుతో తెరచుకున్నది. రీస్టార్టు చేసినా మారలేదు. సి డ్రైవులో యూజర్స్ అను ఫోల్డరు తెరువగా మా పేరుగల ఫోల్డరు అక్కడే ఉన్నది, లోపల అన్నీ భద్రముగా ఉన్నవి. ముందు వాటిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, తరువాతనే ప్రొఫైలు సరిచేయించాము.

1971 నాటి ఆమె పెండ్లి వరుస దొరికింది. ప్రింటు తీసి, సంతకము చేసి ఇచ్చేసరికి మధ్యాహ్నము మూడయింది. కాగితమును కొంగున చుట్టుకొని, స్తోత్రము చెప్పి, ఆమె బస్సుకు వెళ్లింది.