వెనుక గదిలోని బిడ్డ

మా చిన్నతనంలో పాస్టరుగారు గృహ ప్రార్థనకు వస్తున్నారని కబురు అందగానే మా అమ్మ రెండు పనులు చేసేది. ముందు గదిలో చాప పరచి మంచినీళ్ళు పెట్టేది. ఆ తరువాత మా చెల్లిని వెనుక గదిలోకి తీసుకువెళ్ళి, మరమరాల గిన్నె చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసేది.

చెల్లికి అప్పటికి తొమ్మిదేళ్ళు. మాట రాలేదు. చొంగ తుడుచుకోవడం కూడా తెలియదు. అయితే పాట వినబడితే చాలు, చప్పట్లు కొట్టేది. ముందు గదిలో మేము కీర్తన ఎత్తుకోగానే వెనుక నుండి ఆ చప్పట్లు వినబడేవి. పాస్టరుగారు విననట్లే ఉండేవారు. మేమూ విననట్లే ఉండేవాళ్ళం.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడు వ్రాయడానికి కారణం ఒక అమెరికా రచయిత్రి జీవితం. ఆమె పేరు పెర్ల్ బక్.

పెర్ల్ 1892లో వెస్ట్ వర్జీనియాలో జన్మించింది. తల్లిదండ్రులు చైనాలో సేవ చేస్తున్న ప్రెస్బిటేరియన్ మిషనరీలు. వారు నెలల పసికందుగానే ఆమెను చైనాకు తీసుకువెళ్ళారు. చైనా ఆడవాళ్ళ మధ్య, వారి భాష మాట్లాడుతూ పెరిగింది. 1917లో వ్యవసాయ విద్య చదివిన జాన్ లాసింగ్ బక్ అనే మిషనరీని వివాహం చేసుకుంది. 1920లో వారికి కారల్ అనే ఆడబిడ్డ పుట్టింది. చూసినవారంతా ఎంత చక్కని బిడ్డ అన్నారు. కానీ మూడేళ్ళు దాటినా కారల్‌కు మాటలు రాలేదు.

తల్లి బిడ్డను ఎత్తుకుని ఎందరో వైద్యుల దగ్గరకు తిరిగింది. చివరకు అమెరికాలోని మేయో క్లినిక్‌కు వెళ్ళింది. పెద్ద డాక్టరు ఆశ వదులుకోవద్దని మెత్తగా చెప్పి పంపాడు. బయట వసారాలో మరొక డాక్టరు ఆమెను ఆపి, ఈ బిడ్డ ఎన్నటికీ మామూలు మనిషి కాదు, ఆ నిజాన్ని ఒప్పుకొమ్మని సూటిగా చెప్పాడు. ఆ మాట గుండెను కోసినా, తనకు నిజం చెప్పిన ఆ మనిషికి ఆమె జీవితాంతం కృతజ్ఞురాలిగానే ఉంది.

ఆమె వ్రాసిన మరొక సంగతి నన్ను మరీ కదిలించింది. చైనా ఇరుగుపొరుగు వారు కారల్‌ను ఉన్నది ఉన్నట్లుగా అంగీకరించారట. షాంఘై వీధిలో మాత్రం ఇద్దరు అమెరికా యువతులు బిడ్డను తేరిపార చూసి, పిచ్చిదని అనుకుంటూ పోయారట. ఆనాటి నుండి ఆ తల్లి తన బిడ్డను మనుషుల కళ్ళబడకుండా కాపాడసాగింది. అది చదివినప్పుడు మా అమ్మ తలుపు వేయడం నాకు కనబడింది. అమ్మకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు, జనం చూపులకు భయపడి వేసింది.

1929లో పెర్ల్ కారల్‌ను న్యూజెర్సీలోని వైన్‌లాండ్‌లో, అటువంటి పిల్లల పాఠశాలలో చేర్చింది. ఆ ఖర్చుకూ, బిడ్డ భవిష్యత్తుకూ డబ్బు కావాలి. అందుకు కలం పట్టుకుంది. 1931లో ‘గుడ్ ఎర్త్’ అనే నవల వచ్చింది. చైనా రైతు కుటుంబపు కథ అది. అందులోని రైతు పెద్దకూతురికి బుద్ధి ఎదగదు, నోట మాట రాదు. తండ్రి ఆమెను కడుపులో పెట్టుకుని కాపాడతాడు. లక్షలమంది ఆ నవల చదివారు. 1932లో పులిట్జర్, 1938లో నోబెల్ బహుమతి లభించాయి. అయినా రచయిత్రి ఇంటిలో అటువంటి బిడ్డ ఉన్నదని పాఠకులకు తెలియదు. 1950లో మాత్రమే, ఎన్నటికీ ఎదగని బిడ్డ అని అర్థమిచ్చే పేరుతో చిన్న పుస్తకం వ్రాసి ఆమె ఆ తలుపు తెరిచింది. దాన్ని చదివి, అటువంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఎందరో ఆమెకు ఉత్తరాలు వ్రాశారు.

మిషనరీల పద్ధతులను విమర్శించి 1933లో ఆమె మిషన్‌కు రాజీనామా చేసింది. ఆమె అభిప్రాయాలన్నీ మనం ఒప్పుకోలేము. అయినా ఈ ఒక్క విషయంలో ఆమె మనకు పాఠం చెప్పగలదు. ఎవరూ కోరని పిల్లలకు ఇళ్ళు వెదకడానికి 1949లో ‘వెల్‌కమ్ హౌస్’ అనే దత్తత సంస్థను స్థాపించినదీ ఆమెయే. ఆమె 1973లో కన్నుమూసింది. కారల్ 1992 వరకు జీవించింది.

కారల్‌కు వచ్చినది పీకేయూ అనే పుట్టుకతో వచ్చే జబ్బు. ఆహారంలోని ఒక పదార్థాన్ని శరీరం అరిగించుకోలేక అది మెదడును పాడుచేస్తుంది. 1934లో నార్వే వైద్యుడొకడు ఆ జబ్బును గుర్తించాడు. 1960ల నుండి పసిబిడ్డ మడమ నుండి తీసిన రక్తపు చుక్కతో దానిని కనిపెడుతున్నారు. వెంటనే పథ్యం మొదలుపెడితే బిడ్డ చక్కగా ఎదుగుతుంది. తల్లి, తండ్రి ఇద్దరి నుండీ సంక్రమిస్తేనే ఈ జబ్బు వస్తుంది. దగ్గరి రక్తసంబంధపు పెండ్లిళ్ళలో ఇటువంటి వాటికి అవకాశం ఎక్కువ. మేనరికాలు కలుపుకునే మనం దీనిని ఆలోచించాలి. అంతేగాని ఇది ఎవరి పాపఫలమూ కాదు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగ్రుడ్డివానిని చూసి శిష్యులు అడిగినదీ ఇదే ప్రశ్న. ప్రభువు ఆ నిందను వాని మీదా, వాని తల్లిదండ్రుల మీదా ఉండనివ్వలేదు.

మా చెల్లి జబ్బు ఏమిటో మాకెవరూ చెప్పలేదు. పంతొమ్మిదో ఏట ఆమె ప్రభువునందు నిద్రించింది. భూస్థాపన కూడికకు సంఘమంతా వచ్చింది. చాలామంది ఆమె ముఖం చూడడం అదే మొదటిసారి. ఆ రోజు కీర్తన పాడుతుంటే నేను వెనుక గది వైపు చూశాను. చప్పట్లు వినబడలేదు.

ప్రియ సహోదరీ, మీ ఇంటిలో అటువంటి బిడ్డ ఉంటే, ఈసారి ప్రార్థనకు ముందు గదిలో చాప మీద మీ ప్రక్కనే కూర్చోబెట్టుకోండి. సంఘ పెద్దలారా, బిడ్డ కనబడకపోతే ఎక్కడ ఉన్నదని ప్రేమతో అడగండి. చప్పట్లు వినబడితే విననట్లు ఉండకండి. ఆ స్తుతిని ప్రభువు వింటూనే ఉన్నాడు. దానిని వినగల చెవులను ఆయన మనకును దయచేయును గాక. ఆమేన్.